రెక్కకు పెట్టిన వంక

విమానాల కంపెనీలో ఉద్యోగం అంటే ఆ రోజుల్లో మా వైపు జనానికి రెండే తెలుసు. మగవాడైతే తోలుతాడు, ఆడపిల్లయితే లోపల చాక్లెట్లు పంచుతుంది. ఆ రెండూ కాకుండా, హిందూపురంలో చింతపండు గోడౌను మీది అంతస్తులో, తిరగాలా వద్దా అని ఆలోచిస్తూ తిరిగే ఫ్యాను కింద కూర్చుని, విమానం ముఖమైనా చూడకుండా విమానాల కంపెనీలో జీతం తీసుకునేవాళ్ళు కూడా ఉంటారంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. నేను ఆ మూడో రకం. ఎంబీఏ చదివి, పెనుకొండ నుంచి రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. బస్సులో ఎవరైనా "యాడ పని సేస్తాండావు పాపా?" అని అడిగితే మొదట్లో గర్వంగానే చెప్పేదాన్ని. వాళ్ళు నన్ను కింది నుంచి పైకి ఒకసారి చూసి (నా ఎత్తు గురించి ఇక్కడ మాట్లాడుకోవద్దు), "అట్లనా" అని కిటికీ వైపు తిరిగేవాళ్ళు. కొన్నాళ్ళకు "గోడౌనులో" అని చెప్పడం మొదలుపెట్టాను. అది అబద్ధమూ కాదు, ఎవరికీ అనుమానమూ రాదు.

మా యజమానిని చాటుగా అందరం చింతపండు సార్ అనేవాళ్ళం. తాతల కాలం నుంచి వాళ్ళది చింతపండు వ్యాపారం. ఈయన దాని పక్కన లారీలు పెట్టాడు, లారీలు కలిసొచ్చాక కన్ను ఆకాశం మీద పడింది. బెంగళూరు విమానాశ్రయం హిందూపురానికి కూతవేటు దూరంలో ఉంది కాబట్టి (కూతవేటు అన్నది ఆయన మాట, కావాలంటే మీరు బస్సులో వెళ్ళి చూడండి) విమానాలు అక్కడ, ఆఫీసు ఇక్కడ, అద్దె మిగులు అని ఆయన ఆలోచన. విమానాలంటే బోలెడన్ని అనుకునేరు. రెండు. రెండూ పాతవే, రెండూ అద్దెకు తెచ్చినవే. రెక్కలకు ఫ్యాన్లుండే చిన్న రకం. పెద్ద కంపెనీలు కన్నెత్తి చూడని చిన్న ఊళ్ళకు తిరిగేవి. వాళ్ళు చూడనంత కాలం మా బతుకు బాగానే సాగింది.

తర్వాత కష్టాలు కూడబలుక్కుని వచ్చాయి. ఒక పెద్ద కంపెనీ కొత్త జెట్లతో మా దారుల్లోకే దిగి, మా కంటే తక్కువకు టికెట్లు అమ్మడం మొదలుపెట్టింది. అదే సమయానికి మా విమానాల అద్దె గడువు ముగింపుకు వచ్చింది, పొడిగించేది లేదని వాటి సొంతదార్లు తేల్చేశారు. ఆ గడువులోగా సొంత విమానం ఒకటి రాకపోతే ఎగరడానికి మా దగ్గర ఏమీ ఉండదు. ఏమీ ఎగరని విమాన కంపెనీకి లైసెన్సూ ఉండదు. అప్పుడు గోడౌను మీద ఉన్న మేమంతా మెట్లు దిగి ఎవరి దారి వాళ్ళు చూసుకోవాలి. నా దారి ఏదో మా అమ్మ ముందే చూసి పెట్టింది. మా వెనక వీధి ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. నాయన మాత్రం తన సైకిలు షాపులో కూర్చుని, పంక్చరుకు వచ్చిన ప్రతివాడికీ "మా పాప ఇమానాలు కొంటాంది" అని చెప్పేవాడు. నేను కొనేదాన్ని కాదు నాయనా, కొనేవాళ్ళకు కాగితాలు తయారు చేసేదాన్ని అని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు ఆ రెంటికీ తేడా కనిపించలేదు.

బేరానికి మా కంపెనీని సిద్ధం చేయడం నా పని. విమానాలు తయారు చేసే కంపెనీలు రెండు మాకు అమ్మాలని పోటీ పడుతున్నాయి, ఒకటి ఫ్యాను రకం, ఒకటి జెట్ రకం. ఏది ఎంత నూనె తాగుతుంది, ఏది ఎంత చిన్న రన్‌వే మీద దిగుతుంది, సగం సీట్లు ఖాళీగా పోయినా ఏది మనల్ని బతకనిస్తుంది అని రెండిటినీ పక్కపక్కన పెట్టి తూచాను. జెట్ కావాలంటే ఏళ్ళ తరబడి వరసలో నిలబడాలి. ఫ్యాను రకం వాళ్ళ దగ్గర మాత్రం, వేరే ఎవరో అడిగి వద్దనుకున్న కొత్త విమానం ఒకటి సిద్ధంగా ఉంది. బేరం కుదిరితే మా గడువులోగానే ఇస్తామని, మాట తేలేదాకా కొన్నాళ్ళు మా కోసం ఆపి ఉంచుతామని అన్నారు. దేవుడే పంపినట్టనిపించింది నాకు. రంగు రంగుల బొమ్మలతో స్లైడ్లు తయారు చేసి సారుకు చూపించాను. ఆయన గుళ్ళో హరికథ విన్నట్టు కదలకుండా కూర్చుని విన్నాడు.

"అంతా బాగుండాదమ్మా. మరి బేరం ఎవురు సేస్తారు?" అన్నాడు చివరికి.

"మీరే కదా సార్."

"నేను చింతపండు బేరం సేస్తా. ఇంత తీసుకోని నోట్లో ఏసుకుంటా, మొగం అట్ల పెడతా, రేటు సెప్తా. ఇమానాన్ని యాడ ఏసుకోల్ల?"

నేను స్లైడ్లన్నీ మొదటి నుంచి మళ్ళీ తిప్పాను. చివరికి, "బేరం అంటే మా అత్తే సార్. ధర్మవరంలో ఆమె ముందర ఎవరూ నిలబడలేరు" అన్నాను. మాట వరసకు అన్నానంతే. చింతపండు సార్ కుర్చీలోంచి లేచి డ్రైవరును కేకేశాడు.

మా మేనత్త పని ధర్మవరం మగ్గాల ఇళ్ళకు వెళ్ళి షాపుల వాళ్ళ కోసం పట్టుచీరలు ఎంచి తేవడం. మేము వెళ్ళేసరికి ఒక నేతగాడి ఇంట్లో చాప మీద కూర్చుని ఉంది. ఆయన ఆమె ముందు ఒక చీర పరిచాడు. వంకాయ రంగు మీద పసుపు అంచు. నేనైతే అడిగినంత ఇచ్చేసేదాన్ని, అంత బాగుంది. అత్త మాత్రం ఎవరో చచ్చిన కబురు విన్నట్టు ముఖం పెట్టింది. "ఏంది సామీ ఇది, అంచు ఏడ్సినట్టుండాది. జరీలో జీవమే లేదు. ఈ వంకాయ పురుగుబట్టిన వంకాయ. కొంగు ఈడ సూడు, నువ్వు కునికిపాట్లు పడతా నేసినావా?" అంది. నేతగాడు కోపం తెచ్చుకోకపోగా చిరునవ్వు నవ్వి, "అట్లంటే ఎట్లక్కా, ఈ అంచుకు మా ఇంట్లో అందరూ కండ్లు పోగొట్టుకున్యారు" అన్నాడు. ఆమె ఇంకో వంక పెట్టింది. ఆయన ఇంకోసారి నవ్వాడు. అలా ఇద్దరూ ఎంతో ఆనందంగా ఒకరినొకరు ఏడిపించుకుని, కాఫీలు తాగి, ఒక రేటు దగ్గర కలుసుకున్నారు. చీర సంచిలోకి వెళ్ళింది.

బయటికొచ్చాక సారు భక్తితో అడిగాడు. "అమ్మా, ఆ చీర అంత బాగలేదా?"

"అయ్యో, లచ్చనంగా ఉండాదన్నా! ఈ నెల్లో అంత మంచిది నేను సూడల్యా."

"మరి అన్ని వంకలు పెడితివే?"

అత్త ఆయన్ని జాలిగా చూసింది. "నచ్చినదానికే గదన్నా వంక పెట్టేది. నచ్చకుంటే నోరెందుకు నొప్పి సేసుకోవల్ల, లేసి వచ్చేస్తాం. వంక పెట్టకుండా కొంటే అమ్మేటోనికి మర్యాద గాదు. ఈయమ్మకు మన సరుకు మీద మనసే లేదు అనుకుంటాడు."

ఎంబీఏలో రెండేళ్ళు బేరసారాల మీద పాఠాలు విన్నాను, ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. సారు కళ్ళు మెరిశాయి. విమానం చూసే రోజున అత్త కూడా రావాలని అక్కడికక్కడే ఒప్పించాడు. ఆమె మాట్లాడుతుంది, నేను ఇంగ్లీషులోకి మారుస్తాను, ఆయన పక్కన గంభీరంగా నిలబడతాడు. అదీ మా వ్యూహం.

ఆ తర్వాత రిహార్సళ్ళు. చింతపండు బస్తాల మధ్య ఒక చెక్క బల్ల వేసి, అదే విమానం అనుకోమన్నారు. అమ్మేవాడి వేషం నాది. సారు కొనేవాడు. ఆయన బల్ల చుట్టూ తిరిగి "ఇది బాగలేదు" అనేవాడు. అత్త గదమాయించేది. "అట్ల గాదన్నా. బాగలేదు అంటే ఎవురికి నొప్పి? యాడ బాగలేదో సెప్పల్ల. కాలు యాడ వంకరో, మూల యాడ అరిగిందో, ఏలు పెట్టి సూపియ్యల్ల." నేనేమో ఇంధనం లెక్కలతో బల్లను సమర్థించుకునేదాన్ని. "నువ్వు గమ్మునుండవే. అమ్మేటోడు లెక్కలు సెప్పడు, నవ్వుతాడు" అనేది నన్ను. చివరికి సారు ఎంత ఆరితేరాడంటే, బల్లకు ఆయన పెట్టిన వంకలు విని గోడౌను హమాలీలు ఆ బల్ల మీద అన్నం తినడం మానేశారు.

ఆ రోజు రానే వచ్చింది. అమ్మే కంపెనీ వాళ్ళు వాళ్ళ విమానం ఒకదాన్ని చూపించడానికి బెంగళూరు తెచ్చారు. మాకు ఇస్తామన్నది అచ్చం ఇలాంటిదే. వాళ్ళ తరఫున వచ్చిన విదేశీయుడు చాలా పొడుగు మనిషి (మాలో మేము పొడుగాయన అనుకున్నాం), మాట మెత్తన, ముఖం పసిపిల్లవాడిది. అత్త పెళ్ళికి కట్టుకునే పట్టుచీర కట్టుకొచ్చింది. నేను విమానాన్ని అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. తెల్లగా, కడిగిన ముత్యంలా నిలబడి ఉంది. కొత్త సీట్ల వాసన. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇది మనదైతే చాలు, జీతం పెంచకపోయినా ఫర్వాలేదు అనుకున్నాను. అత్త కూడా నోరు తెరిచి ఒక్క క్షణం అలాగే చూసింది. తర్వాత ముఖాన ఆ చావు కబురు దిగింది. అంటే ఆమెకు బాగా నచ్చిందని మాకు అర్థమైంది.

"తలుపు ఏస్తే దబ్బుమంటాండాది, పాత బీరువా మాదిరి. సెప్పు" అంది. చెప్పాను. పొడుగాయన నవ్వు కొంచెం తగ్గింది. "సీటు ఊగులాడతాంది. సెప్పు." చెప్పాను. ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. అత్త నన్ను మోచేత్తో పొడిచి, "రాస్తాండాడు సూడు, రేటు తగ్గియ్యను లెక్క ఏసుకుంటాండాడు" అంది. ఆ ఉత్సాహంలో కిందికి దిగి, రెండడుగులు వెనక్కి వేసి, తల ఒక పక్కకు వంచి చూసి, "రెక్క వంకరగా ఉండాది" అంది.

నేను ఇంగ్లీషులో చెప్పాను. పొడుగాయన ముఖంలో రంగు పోయింది. "ఏ రెక్క?" అని అడిగాడు.

"ఏ రెక్క అంటాండాడత్తా."

"రెండూ అని సెప్పు!"

రెండూ అని చెప్పాను. ఆయన రాసుకున్నాడు. ఎప్పటి నుంచి గమనించారు అని అడిగాడు. "వచ్చినప్పట్నుంచీ అని సెప్పు" అంది అత్త. చింతపండు సారుకు ఇక ఆగలేదు, రిహార్సళ్ళన్నీ ఆయన గొంతులోకి తన్నుకొచ్చాయి. "ఎడమ పక్క ఫ్యాను తిరిగేటప్పుడు దగ్గుతాంది అని సెప్పమ్మా" అన్నాడు. దగ్గడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో కంగారులో తోచక, నేను దగ్గి చూపించాను. పొడుగాయన అదీ రాసుకుని, ఎంతో మర్యాదగా కాగితం చాచి సంతకం అడిగాడు. సారు దాన్ని గెలుపు అనుకుని, పేరు కింద గీత కూడా గీసి సంతకం పెట్టాడు. ఇప్పుడు రేటు చెప్పమని అత్త నన్ను తొందర పెట్టింది. రేటు సంగతి ఎత్తగానే పొడుగాయన తల అడ్డంగా ఊపి, రెక్క మాట తేలేదాకా ధర మాట ఎత్తడం ధర్మం కాదన్నాడు. కొనేవాళ్ళు రెక్క వంకర అన్నాక, అది నిజమా కాదా అని చూడకుండా ఆ విమానాన్ని ఒక్క అడుగు కదిలించకూడదట. వాళ్ళ పద్ధతి అదట. మా కోసం ఆపి ఉంచినదాన్ని కూడా, అదే రకం కాబట్టి, విప్పి చూస్తారట.

కాసేపటికి నిచ్చెనలు వచ్చాయి. టార్చి లైట్లు వచ్చాయి. తెల్ల చొక్కాల వాళ్ళు రెక్క కింద పడుకుని తట్టి, చెవి ఆనించి వింటున్నారు. అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఏందే ఇది? నేను ఊరికే అంటి గదా! సెప్పవే వాండ్లకు, ఊరికే అన్న్యామని సెప్పవే!"

నేను పరుగెత్తాను. ఊరికే. ఆ ఒక్క మాటను ఇంగ్లీషులో ఏమంటారు? కన్నడంలోనైతే సుమ్నె. బెంగళూరులో చదువుకున్నప్పుడు మేమంతా సుమ్నెకి వాడిన ఇంగ్లీషు మాట ఒకటే. పొడుగాయన ముందు ఆయాసపడుతూ నిలబడి, "సార్, వుయ్ సింప్లీ సెడ్! సింప్లీ!" అన్నాను.

ఆయన నా భుజం తట్టాడు. అవునమ్మా, చుట్టూ తిప్పకుండా, నిఖార్సుగా చెప్పారు, అలా చెప్పేవాళ్ళు ఎంత అరుదో మీకు తెలియదు అన్నాడు. ఆయన కళ్ళలో నిజంగానే గౌరవం ఉంది.

ఆ తర్వాత అత్త రోజూ ధర్మవరం నుంచి ఫోన్ చేసి, ఆసుపత్రిలో ఉన్న మనిషిని అడిగినట్టు "రెక్కకు ఎట్లుండాదే ఇప్పుడు?" అని అడిగేది. ఇంకా చూస్తున్నారత్తా అనేదాన్ని. ఆమె నాలుగు నాళ్ళు చీరలు ఎంచడానికే వెళ్ళలేదు. నేను పొడుగాయనకు మెయిల్ మీద మెయిల్ పెట్టాను. మా ఊళ్ళ పద్ధతి ఇదనీ, నచ్చినదానికే వంక పెడతామనీ, మీ రెక్కలు ఎంతో అందంగా ఉన్నాయనీ. ఎవరైనా ఒత్తిడి పెట్టి మీ చేత ఇలా రాయిస్తున్నారా, భయపడకుండా చెప్పండి అని జవాబు వచ్చింది. ఈలోగా వాళ్ళు మా కోసం ఆపి ఉంచిన గడువు దాటిపోయింది. విమానంలో ఏ లోపమూ లేదని తేలిన వారంలోనే దాన్ని ఆ పెద్ద కంపెనీ కొనేసింది. జెట్లు దిగలేని మిగతా చిన్న ఊళ్ళకు తిప్పడానికట. ఒక్క వంక కూడా పెట్టకుండా కొన్నారని విన్నాను.

ఇంత జరిగాక పొడుగాయన స్వయంగా హిందూపురం వచ్చాడు. గోడౌను మెట్లెక్కేటప్పుడు తల దూలానికి కొట్టుకుంది, అయినా నవ్వాడు. ప్రతి మాటకూ జవాబు తెచ్చాడు. ఎడమ రెక్క కొలిచారు, తిన్నగా ఉంది. కుడి రెక్క కొలిచారు, తిన్నగా ఉంది. ఫ్యాను దగ్గలేదు. విమానం మీకు ఇవ్వలేకపోయినందుకు సిగ్గుగా ఉంది, ఇంత శ్రద్ధగా చూసే కొనుగోలుదారు మాకు దొరకడం అదృష్టం అని సారు చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పాను. ఆయన వెళ్ళిపోయాక చింతపండు సార్ కిటికీ దగ్గరికి వెళ్ళి కింద లారీల వైపు చూశాడు.

"పాపా, ఇన్నేండ్ల ఏపారంలో నేను సెప్పిన మాట ఒక్కడన్నా నమ్మలా. నమ్మేటోడు ఒక్కడొచ్చె. వానితోనే మునిగిపోతి" అన్నాడు.

నన్ను తిట్టలేదు, అత్తను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ నెలాఖరుకు అద్దె విమానాలు వెళ్ళిపోయాయి, ఆఫీసు ఖాళీ చేశాం, ఆ గదిలోకి కూడా చింతపండు బస్తాలు వచ్చేశాయి.

ఆఖరి రోజు సాయంత్రం పెనుకొండలో బస్సు దిగి, ఇంటికి పోవడానికి ధైర్యం చాలక సైకిలు షాపు దగ్గరే నిలబడ్డాను. నాయన ట్యూబును నీళ్ళలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. పంక్చరు వేయించుకోవడానికి వచ్చిన ముసలాయన ఒకడు పక్కన కూర్చుని ఉన్నాడు. నాయన తలెత్తి, ఆయనకు కూడా వినబడేటట్టు, "ఏం పాపా, ఇమానం కుదిర్నా?" అని అడిగాడు.

కుదరలేదు, ఉద్యోగం కూడా లేదు, రేపట్నుంచి లెక్కలు చెప్పాలి అని అనాలి. నోరు తెరిచాను. వచ్చిన మాట వేరే.

"లేదు నాయనా. సూసినాం. తలుపు దబ్బుమంటాండాది. రెక్క గూడా వంకర. వద్దనుకున్న్యాం."

నాయన నా ముఖం చూశాడు. తర్వాత ట్యూబు తిప్పి మళ్ళీ నీళ్ళలో ముంచాడు. "మంచి పని సేసినావు. గాల్లో పోయేది, అట్లాంటిది మనకెందుకు" అన్నాడు. ముసలాయన వైపు తిరిగి, "సూస్తివా, మా పాప ఊరికే కొనదు" అన్నాడు.

ఇప్పుడు నేను బెంగళూరులో ఇంకో కంపెనీలో విమానాల బేరాలకే కూర్చుంటాను. అవతలివాళ్ళు పెన్ను తీస్తే చాలు, నోరు మూసుకుంటాను. ఆ సాయంత్రం ఆయన నా మాట నమ్మాడా, నా కోసం నమ్మినట్టు ఉన్నాడా అని నాయనను ఎప్పుడూ అడగలేదు. నీళ్ళ తొట్టి పక్కన నిలబడి, కళ్ళు తుడుచుకోకుండా, పోయిన విమానానికి వంకలు పెడుతున్న ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, దగ్గరికి తీసుకోవాలనిపిస్తుంది. నిజానికి ఆ విమానం చాలా బాగుండింది.